క్రయపత్రం కూడా సాక్ష్యమే

లింగసుగూరు పట్టణం నుంచి ఏ దిక్కుగా బయలుదేరినా ఇప్పుడు పొలాలకంటే ముందు హద్దు రాళ్ళు కనబడుతున్నాయి. నల్లరేగడి చేలల్లో ఎర్రమట్టి రోడ్లు పోసి, ముప్పై బై నలభై లెక్కన సైట్లు విడగొట్టి, ముఖద్వారం కట్టి, ఏదో ఒక నగర్ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. బెళగావి–రాయచూరు రహదారి, కలబురగి–బళ్ళారి రహదారి కలిసే కూడలి ఇది. పొరుగునే హట్టి బంగారు గనులు ఉన్నాయి. నారాయణపుర కుడి కాలువ తాలూకాలో కొన్ని ఊళ్ళకు నీళ్ళిస్తోంది. గదగ్–వాడి కొత్త రైలు మార్గంలో 2025 నాటికి కుష్టగి దాకా రైలు వచ్చింది, ఆ దారి ముందుకు సాగవలసింది లింగసుగూరు మీదుగానే. రోడ్డు, రైలు, నీళ్ళు, గని ఒకచోట కలిసినప్పుడు భూమి ధర ఊరుకోదు.

ఈ కొనుగోళ్ళలో, అమ్మకాల్లో తెలుగువారి చెయ్యి తక్కువేమీ కాదు. ఈ ప్రాంతం 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. 1905 వరకు లింగసుగూరు పేరుతో నిజాం రాజ్యంలో ఒక జిల్లాయే ఉండేది. పహాణీ, పట్టా, గుంట వంటి మాటలు మనకూ ఇక్కడివారికీ ఉమ్మడి కావడానికి ఆ చరిత్రే కారణం. తుంగభద్ర నీళ్ళు 1953 తరువాత పారడం మొదలయ్యాక కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల రైతులు సింధనూరు, మాన్వి, గంగావతి వైపు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. వారి ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. వారి పిల్లలు, వారి దగ్గర పనిచేసిన కుటుంబాల పిల్లలు చదువుకొని టీచర్లు, నర్సులు, గని కార్మికులు, చిన్న వ్యాపారులు అయ్యారు. క్యాంపులో ఎకరం అమ్మి పట్టణంలో సైటు కొంటున్నవారు వారిలో ఉన్నారు, కమీషన్ మీద సైట్లు చూపించే పనిలోకి దిగిన యువకులూ ఉన్నారు. ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం బయట జరిగే మాటల్లో సైట్ల ధరలకు ఇప్పుడు మంచి చోటే దొరుకుతోంది.

ఇల్లు కొనుక్కోవడం తప్పని మేము అనడం లేదు. అద్దె ఇంటి యజమాని దయ మీద బతికిన కుటుంబానికి సొంత గడప ఎంత విలువైనదో మాకు తెలుసు. కులం పేరు చెప్పుకోవలసి వచ్చి అద్దె ఇల్లు దొరకని దళిత క్రైస్తవ కుటుంబాలకు అది ఇంకా బాగా తెలుసు. మేము అడిగేది వేరొక సంగతి. ఆ ఇంటికి పునాది సిమెంటు కాదు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మనం సంతకం చేసే కాగితం. ఆ కాగితం నిజం చెబుతోందా? పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ (నిర్గమ 20:16) కోర్టు బోనులో నిలబడినవారికి మాత్రమే ఇచ్చింది కాదు. ఇద్దరు సాక్షుల ఎదుట వేలిముద్ర వేసి, ఫొటో దిగి, ఇందులో రాసినదంతా నిజమని ఒప్పుకొనే ప్రతి క్రయపత్రమూ సాక్ష్యమే. అందులో అబద్ధం రాస్తే దెబ్బ తగిలేది ఎవరో ఒక పొరుగువానికే. ఆ అబద్ధం ఇవాళ మూడు చోట్ల దూరుతోంది: ధరలో, భూమి గతంలో, సంతకాల్లో.

మొదటిది ధర. సబ్‌రిజిస్ట్రార్ పట్టికలో ప్రతి ప్రాంతానికీ ఒక ప్రభుత్వ విలువ ఉంటుంది. కర్ణాటకలో దాన్ని గైడెన్స్ వాల్యూ అంటారు. బయట ధర దానికంటే చాలా ఎక్కువగా ఉన్నప్పుడు పత్రంలో మాత్రం ఆ పట్టిక విలువే రాసి, మిగిలింది నోట్ల కట్టలుగా ఇచ్చిపుచ్చుకోవడం ఊరూరా అలవాటు. తెలుపు ఇంత, నలుపు ఇంత అని బేరం సాగుతుంది. ఇది ఎంత మామూలైపోయిందంటే మొత్తం ధర పత్రంలో రాద్దామన్నవాణ్ణి అమాయకుణ్ణి చూసినట్టు చూస్తారు. మధ్యవర్తి నవ్వుతాడు, దస్తావేజు రాసేవాడు కలం ఆపి మరోసారి అడుగుతాడు.

ఇందులో నష్టపోయేది ప్రభుత్వమే కదా, దానికేం లోటు అని చాలామంది సమాధానం చెప్పుకుంటారు. అది పూర్తి నిజం కాదు. ముందుగా నష్టపోయేది జీతం మీద బతికే యువతే. బ్యాంకు అప్పు ఇచ్చేది పత్రంలో రాయబోయే విలువను చూసి. అమ్మేవాడు సగం నోట్లుగా కావాలన్నప్పుడు ఆ సగానికి బ్యాంకు అప్పు పుట్టదు. నర్సుగా పనిచేసే అమ్మాయి, బడిలో పాఠాలు చెప్పే అబ్బాయి ఆ మొత్తం కోసం నూటికి మూడో నాలుగో వడ్డీకి బయట తెస్తారు, లేదా బంగారం కుదువ పెడతారు. అదీ చేతకాకపోతే బేరం వదులుకుంటారు. నోట్లు దాచుకోగలిగినవాడు ముందుకు వచ్చి కొనేస్తాడు. నలుపు డబ్బు ఉన్నవాడిదే బజారు అయినప్పుడు కష్టార్జితం ఉన్నవాడు గుమ్మం బయటే నిలబడతాడు.

ఆ తరువాత నష్టపోయేవాడు మనకు ముఖం కూడా తెలియని పక్క రైతు. ఈ సంగతి మన సంఘాల్లో ఎవరూ మాట్లాడగా మేము వినలేదు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. 2013లో పార్లమెంటు చేసిన భూసేకరణ, పునరావాస చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. రోడ్డు, రైలు, కాలువ దేనికోసం భూమి తీసుకున్నా పరిహారం లెక్క ఆ చట్టం ప్రకారమే. దాని 26వ సెక్షన్ ప్రకారం, స్టాంపు డ్యూటీ కోసం పెట్టిన కనీస విలువను, చుట్టుపక్కల అదే రకం భూమికి గడచిన మూడేళ్ళలో రిజిస్టరైన పత్రాల సగటును పోల్చి చూస్తారు. ఆ పత్రాల్లోనూ ఎక్కువ ధర చూపిన సగాన్నే సగటుకు తీసుకోవాలి. ఏది ఎక్కువైతే అది లెక్కకు ఆధారం. రైతుకు మేలు చేయాలనే చట్టం ఈ ఏర్పాటు చేసింది. కానీ పత్రాలన్నీ అబద్ధం చెబితే ఎక్కువ ధర చూపిన సగం ఎక్కడినుంచి వస్తుంది?

ఉదాహరణకు ఒక ఊళ్ళో ఎకరం నిజంగా 30 లక్షలకు చేతులు మారుతోందనీ, పత్రాల్లో మాత్రం 10 లక్షలని రాస్తున్నారనీ అనుకుందాం. రేపు రోడ్డు విస్తరణలో పక్క రైతు ఎకరం పోతే అతని లెక్క 10 లక్షల దగ్గర మొదలవుతుంది. చట్టం దాని మీద మరో నూరు శాతం కలిపి ఇవ్వమంటుంది, అప్పటికి 20 లక్షలు. పత్రాల్లో నిజం రాసి ఉంటే అదే లెక్క 60 లక్షలు. గ్రామీణ భూములకు వర్తించే గుణకాన్ని పక్కన పెట్టి చూసినా తేడా ఇంత. ఆ 40 లక్షలు ఎవరూ దొంగిలించలేదు, ఎవరి మీదా కేసు పెట్టలేం. అతనికంటే ముందు ఆ ఊళ్ళో కొన్నవాళ్ళూ అమ్మినవాళ్ళూ తలా కొంచెం అబద్ధం రాశారు, అంతే. రహదారులు వెడల్పవుతున్న, రైలు కోసం ఎదురుచూస్తున్న లింగసుగూరు లాంటి తాలూకాలో ఇది ఊహకు అందని ప్రమాదం కాదు. మనం మిగుల్చుకున్న స్టాంపు డ్యూటీ పొరుగువాని నోటి దగ్గరి అన్నం.

అననీయ, సప్పీరాల సంగతి మనకు బాల్యం నుంచి తెలిసిన కథ (అపొ. కార్య. 5). కానుక తక్కువ ఇచ్చినందుకు వచ్చిన శిక్షగా దాన్ని చెబుతుంటారు. వాక్యం నెమ్మదిగా చదివితే సంగతి వేరుగా ఉంటుంది. పొలం వారిది, అమ్మిన డబ్బు కూడా వారి చేతిలోనిదే, ఇవ్వమని ఎవరూ బలవంతం చేయలేదని పేతురే స్పష్టం చేశాడు. సప్పీరాను అతడు అడిగిన ప్రశ్న ఒక్కటే, పొలం అమ్మిన ధర గురించి. ఆమె ఆ అంకె దగ్గరే అబద్ధమాడింది. ఆదిసంఘం ఎదుర్కొన్న మొదటి లోపలి సంక్షోభం ఒక భూమి అమ్మకం ధరను తక్కువ చేసి చెప్పడం. రెండువేల ఏళ్ళ తరువాత అదే అంకె దగ్గర మనం తలూపుతున్నాం, సాక్షి సంతకానికి సంఘ పెద్దను కూడా తీసుకుపోతున్నాం.

దీనికి వచ్చే జవాబులు మాకు తెలియనివి కావు. ఖర్చులు పెరిగిపోయాయంటారు. నిజమే. కర్ణాటకలో 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం నుంచి 2 శాతానికి పెరిగింది, స్టాంపు డ్యూటీ దానికి అదనం. చిన్న ఇల్లు కొనే కుటుంబానికి ఇది బరువే. ఆ బరువు తగ్గించమని ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలి, మొదటి ఇల్లు కొనే పేదలకు మినహాయింపు కోసం సంఘాలు కలిసి వినతిపత్రాలు ఇవ్వాలి. బరువు ఎక్కువైందని తూకం రాయి మార్చుకోవచ్చా? అమ్మేవాడే నోట్లు అడుగుతున్నాడు, మేమేం చేస్తామని మరో జవాబు. ఇదీ నిజమే. అయితే చట్టం ఇక్కడ కొనేవాని పక్షానే ఉంది. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది, తీసుకున్నవానికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. బెంగళూరు ఆస్తి తగాదా ఒకదానిలో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, 2 లక్షలు, అంతకు మించి నగదు ఇచ్చామని ఎవరైనా దావాలో చెబితే ఆ సమాచారం ఆదాయపు పన్ను శాఖకు పంపాలని ఆదేశించింది. అంటే బేరం చెడినప్పుడు నేను నోట్లు ఇచ్చానని కోర్టుకు పోయినవాడు తన మీద తానే ఫిర్యాదు చేసుకున్నట్టు. పత్రంలో లేని డబ్బుకు దిక్కు లేదు.

రెండో అబద్ధం భూమి గతం గురించి. టైటిల్ క్లియరా అని అడగడం అందరికీ అలవాటైంది. ఈ భూమి మొదట ఎవరిది, వారి చేతిలోంచి ఎలా జారింది అని అడిగేవారు అరుదు. కర్ణాటకలో ఆ ప్రశ్నకు ఒక చట్టమే ఉంది. ప్రభుత్వం షెడ్యూల్డు కులాలు, తెగల వారికి మంజూరు చేసిన భూములను షరతులకు విరుద్ధంగా అమ్మితే ఆ అమ్మకం చెల్లదనీ, చట్టం వచ్చాక అలాంటి భూమిని ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా అమ్మకూడదనీ 1978లో చేసిన చట్టం చెబుతుంది. పీటీసీఎల్ చట్టం అంటే ఇక్కడివారికి తెలుస్తుంది. తెలుగు నేలలో 1977లో వచ్చిన అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టానికి ఇది ఒక ఏడాది చిన్నది. 1984లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. చెల్లని అమ్మకాన్ని రద్దు చేసి భూమిని అసలు కుటుంబానికి తిరిగి ఇప్పించే అధికారం అసిస్టెంట్ కమిషనర్‌ది. రాయచూరు జిల్లాలో అలాంటి రెండు ఉపవిభాగాల్లో ఒకదానికి కేంద్రం లింగసుగూరే. అంటే సైట్లు అమ్మే ఆఫీసులూ, పోయిన భూమి కోసం దళిత కుటుంబం అర్జీ పెట్టుకోవలసిన ఆఫీసూ ఒకే పట్టణంలో ఉన్నాయి.

ఈ చట్టం దారి సాఫీగా సాగలేదు. చాలా ఏళ్ళు ఆగి అర్జీ పెడితే కుదరదు, సమంజసమైన కాలంలో అడగాలని 2017లో సుప్రీంకోర్టు అన్నది. ఆ తరువాత ఎన్నో పాత అర్జీలు ఆ ఒక్క కారణంతో కొట్టుడుపోయాయి. దళిత సంఘాలు పోరాడగా 2023లో కర్ణాటక శాసనసభ చట్టాన్ని సవరించి, కాలపరిమితి అడ్డు రాదని రాసింది. ఆ సవరణ తరువాత కూడా జాప్యం మీద వాదనలు కోర్టుల్లో ఆగలేదు. ఆలస్యం ఎందుకయిందో ఊళ్ళో పెరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు. బిడ్డ పెళ్ళికో, జబ్బుకో, పశువు చచ్చిపోతేనో నాలుగు ఎకరాలను చేబదులు లాంటి డబ్బుకు రాసిచ్చిన తాతకు చదువు రాదు. సాగువళి చీటీ ఎక్కడుందో తండ్రికి తెలియదు. మనవడు డిగ్రీ చదివాక ఆ కాగితం వెతుకుతాడు. అప్పటికి ఆ పొలంలో సైట్లు పడి ఉంటాయి.

అప్పుడు మనం ఏ పక్క నిలబడతాం? ఇది సులువైన ప్రశ్న అని మేము అనము. ఆ సైటులో ఇల్లు కట్టుకున్నవాడు కూడా జీవితకాలం పొదుపు పెట్టినవాడే, అతనికి ఈ కథ ఏమీ తెలియకపోవచ్చు. అతని గోడు కూడా గోడే. లేఅవుట్ వేసి లాభం తీసుకొని వెళ్ళిపోయినవాణ్ణి వదిలేసి, చివర మిగిలిన ఇద్దరు బలహీనులను ఒకరి మీదికి ఒకరిని తోలడం న్యాయం కాదు. అందుకే అడగవలసిన సమయం కొనకముందు. తెలియదు అనే మాటకు కొన్న తరువాత కొంత విలువ ఉండవచ్చు. అడిగితే తెలిసేదాన్ని అడగకుండా ఉండి తరువాత తెలియదంటే దేవుని ఎదుట ఆ మాట నిలవదు.

నాబోతు ద్రాక్షతోటను ఆహాబు ఊరికే అడగలేదు. అంతకంటే మంచి తోట ఇస్తాను, కాదంటే రొక్కం ఇస్తానన్నాడు (1 రాజులు 21). బజారు లెక్కలో అది మంచి బేరమే. తన పితరుల స్వాస్థ్యాన్ని ఇవ్వనని నాబోతు అన్నాడు. ఆ తరువాత జరిగినదంతా కాగితాల మీదే మొదలైంది. రాజు ముద్ర వేసిన తాకీదులు, ఇద్దరు అబద్ధ సాక్షులు, ఒక తీర్పు, ఒక స్వాధీనం. బయటికి చూస్తే అన్నీ చట్టబద్ధమైన మెట్లే. ఏలీయా ఆ తోటలోనే ఆహాబును ఎదుర్కొన్నాడు. కాగితాలు సరిగ్గా ఉన్నాయి కదా అన్న జవాబు ప్రవక్త దగ్గర చెల్లలేదు.

మూడో అబద్ధం పత్రంలో లేని సంతకాలది. తండ్రి పోయాక అన్నదమ్ములు పొలం అమ్ముతారు. అక్కచెల్లెళ్ళ పేర్లు వంశవృక్షంలో వదిలేస్తారు, లేదా ఒక పూట భోజనానికి పిలిచి విడుదల పత్రం మీద సంతకం చేయించుకుంటారు. పెళ్ళి చేసి పంపాం కదా, ఇంకా వాటా ఏమిటంటారు. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో కొడుకనీ కూతురనీ తేడా లేదు. వీలునామా లేకుండా చనిపోయినవాని ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగిలినది కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా. హిందూ వారసత్వ చట్టంలో కూడా 2005 సవరణతో కూతురికి పుట్టుకతో సమాన హక్కు వచ్చింది. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట నిలబడి తమ తండ్రి భూమిలో భాగం అడిగినప్పుడు వారు అడిగినది న్యాయమేనని దేవుడే తీర్పు చెప్పాడు (సంఖ్యా 27). ఆ అధ్యాయం మీద ప్రసంగం విని ఇంటికి వచ్చి చెల్లెలి పేరు లేని వంశవృక్షానికి ధ్రువపత్రం తెచ్చుకునే అన్న తన సొంత ఇంటిలోనే అబద్ధ సాక్షి. కొనేవాడు కూడా ఆ సంతకం ఏదని అడగాలి. తన డబ్బు క్షేమం కోసం మాత్రమే అడిగితే అది జాగ్రత్త. ఆ చెల్లెలికి వాటా అందిందా అని కూడా అడిగితే అది నీతి.

ఈ మూడు విషయాల్లో సంఘాలు ముందుగా తమ గుమ్మం ఊడ్చుకోవాలి. మందిరం కోసం స్థలం కొన్నప్పుడు పత్రంలో ఎంత రాశారో, బయట ఎంత ఇచ్చారో సభ్యులకు తెలుసా? ఆ పత్రం రిజిస్టరైన సొసైటీ పేరు మీదో ట్రస్టు పేరు మీదో ఉందా, కాపరి సొంత పేరు మీద ఉందా? కాపరి పోయాక వారసులకూ సంఘానికీ కోర్టు తగాదాలు వచ్చిన ఊళ్ళు ఎన్నో. కానుకల పెట్టెలో విధవరాలు వేసిన పది రూపాయలను నలుపు కట్టలో కలిపి ఇచ్చిన కమిటీ, నీతి గురించి యువతకు పాఠం చెప్పలేదు.

ఇక యువతతో కొన్ని మాటలు. కొనేవారైతే బయానా ఇవ్వకముందే తొందర మాని కాగితాలు అడగండి. ఇటీవలి పదమూడేళ్ళ ఈసీతో సరిపెట్టుకోకండి. పాత పహాణీలు, మ్యుటేషన్ నకళ్ళు వీలైనంత వెనక్కి తీయించండి. భూమి మొదట మంజూరుగా వచ్చిందో లేదో తాలూకా ఆఫీసులో రాతమూలకంగా అడగండి, అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసులో ఆ సర్వే నంబరు మీద కేసు ఉందేమో చూడండి. వ్యవసాయ భూమిని భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ కింద మార్పిడి చేశారా, పంచాయతీ పరిధి అయితే ఇ-స్వత్తు 9, 11 నమూనాలు ఉన్నాయా అన్నది చూడండి. లేఅవుట్ 500 చదరపు మీటర్లు దాటితే రెరాలో నమోదు ఉండాలి, రిజిస్టరైన ఒప్పందం లేకుండా అందులో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఊళ్ళోకి వెళ్ళి పక్క పొలంవాళ్ళను, దళితవాడలో పెద్దలను ఒక మాట అడగండి. కంప్యూటరులో లేని చరిత్ర వాళ్ళ నోట్లో ఉంటుంది.

అమ్మేవారైతే మొత్తం ధర పత్రంలో రాయించండి, మొత్తం డబ్బు బ్యాంకు ద్వారా తీసుకోండి. ఇంటికి పగులు ఉంటే, బోరులో వేసవిలో నీళ్ళు అందకపోతే, దారి తగాదా ఉంటే ముందే చెప్పండి. కొనేటప్పుడు బాగాలేదు బాగాలేదని పెదవి విరిచి, బేరం కుదిరాక పక్కకు పోయి గొప్పలు చెప్పుకొనే మనిషిని సామెతల గ్రంథం (20:14) ఎప్పుడో పట్టుకుంది, అమ్మేవానికి కూడా అదే అద్దం. మధ్యవర్తి పనిలో ఉన్న తమ్ముళ్ళు రెరాలో ఏజెంటుగా నమోదు చేసుకోండి. ఒక కమీషన్ పోయినా ఫరవాలేదు, మంజూరు భూమి అని తెలిసి తెలియనట్టు సైటు చూపించకండి. మీ మాట నమ్మి కొనేవారు ఎక్కువగా మీ సంఘంవారే.

దీనివల్ల కొన్ని బేరాలు పోతాయి. ఇల్లు కొనడం రెండేళ్ళు ఆలస్యం కావచ్చు, పెద్ద సైటు బదులు చిన్నది తీసుకోవలసి రావచ్చు, చుట్టాల్లో నవ్వులపాలు కావచ్చు. ఆ ఖర్చు లేదని మేము నటించము. అయితే ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాడు ఒకడున్నాడు. అబ్రాహాము హేతీయుల మధ్య పరదేశి, మన క్యాంపు కుటుంబాల్లాగే వేరే నేల నుంచి వచ్చినవాడు. భార్య చనిపోయినప్పుడు సమాధికి స్థలం అడిగాడు. ఊరికే తీసుకోమని ఎఫ్రోను మర్యాదకు అన్నాడు. అబ్రాహాము ఒప్పుకోలేదు. నిండు వెలకే ఇమ్మన్నాడు, ఊరి గవిని దగ్గర అందరూ వినుచుండగా నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చాడు (ఆది 23). పొలం, గుహ, దాని హద్దుల్లోని చెట్లు అన్నీ లెక్కలో చేరాయి. వాగ్దాన దేశంలో ఆయన సొంతంగా కొన్న నేల అది. బహిరంగంగా, పూర్తి ధరకు, సాక్షుల ఎదుట కొన్నాడు. పరాయి నేల మీద నివసించేవానికి ఇంతకంటే మంచి పేరు ఏముంటుంది?

యిర్మీయా కూడా అంతే చేశాడు. బబులోను సేన యెరూషలేమును ముట్టడించి ఉండగా, తాను చెరసాల ప్రాకారంలో ఉండగా, అనాతోతులోని పొలాన్ని పదిహేడు తులముల వెండికి కొన్నాడు (యిర్మీయా 32). పత్రం రాసి, సాక్షులను పెట్టి, వెండి తూచి, ముద్ర వేసినదీ వేయనిదీ రెండు ప్రతులనూ మట్టి కుండలో భద్రం చేయించాడు, చాలా కాలం నిలవాలని. దేశం కూలిపోతున్న వేళ కూడా నిజం రాసిన ఒక క్రయపత్రం రాబోయే తరానికి నిరీక్షణ కాగలదని ఆయన నమ్మాడు.

ఒకప్పుడు లింగసుగూరు తాలూకాలోనే ఉన్న మస్కిలో 1915లో బయటపడిన రాతి శాసనం మీద అశోకుని పేరు స్పష్టంగా ఉంది. దేవానాంప్రియుడు ఎవరన్న సందేహాన్ని తీర్చింది ఆ ఒక్క పేరే. రెండువేల ఏళ్ళకు పైగా ఎండకూ వానకూ నిలిచి ఆ రాయి చెప్పిన సాక్ష్యం నిజమైంది. మన క్రయపత్రాలు అంత కాలం ఉండవు. మన మనవలు పెట్టె తెరిచి చదివే దాకా మాత్రం ఉంటాయి. అందులోని ధర, అందులోని పేర్లు, ఆ భూమి వచ్చిన దారి చదివి వారు తలెత్తుకొని మడిచి పెట్టుకోగలగాలి. సబ్‌రిజిస్ట్రార్ ఎదుట కలం పట్టుకొనే ముందు ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే చాలు.